జాతరలున్నాయి, అంగడి లేదు

ఇంగ్లండ్‌లో ‘నాన్‌లీగ్’ జట్లని పిలిచేవన్నీ లీగుల్లోనే ఆడతాయి. మన దగ్గర ‘ప్రీమియర్ లీగ్’ అని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టి ఆడించేవి చాలావరకు మూడు రోజుల్లో ముగిసే నాకౌట్లు. నిజామాబాద్, బోధన్‌ల ఫుట్‌బాల్ గురించి రాయమంటే నాకు ఈ పేర్ల తిరకాసు దగ్గరే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆటగాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు, అంతా క్రికెట్ మింగేసింది అనే మాటలు ఏళ్ల తరబడి వింటున్నాం. అందులో కొంత నిజముంది. కానీ ఆటగాళ్లే లేని జిల్లా, దేశంలో ఒక ఏటి మేటి ఫుట్‌బాల్ క్రీడాకారిణిని ఎట్లా ఇచ్చింది? దీనికి జవాబు వెతకాలంటే ముందు కొంచెం దూరం పోయి రావాలి.

1888లో ఇంగ్లండ్‌లో పన్నెండు క్లబ్బులు కలిసి ‘ఫుట్‌బాల్ లీగ్’ పెట్టుకున్నాయి. దాని గడప బయట ఉండిపోయిన అందరికీ నాన్‌లీగ్ అని పేరు పడింది. బయటివాళ్లు అలిగి కూర్చోలేదు, తమ లీగులు తాము పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే ఈశాన్యాన నార్తర్న్ లీగ్ వచ్చింది. 1894లో సదర్న్ లీగ్, 1905లో లండన్ చుట్టుపక్కల ఇస్త్మియన్ లీగ్, చాలా ఆలస్యంగా 1968లో నార్తర్న్ ప్రీమియర్ లీగ్. వీటిలో ఇస్త్మియన్ వాళ్ల పట్టుదల వింతైనది. డబ్బు పుచ్చుకోని ఆటగాళ్ల లీగ్ కాబట్టి మొదట్లో గెలిచినవాళ్లకు కప్పు లేదు, మెడల్ లేదు. గౌరవం చాలునని లాటిన్‌లో ఒక నినాదం మాత్రం ఉండేది. మన దగ్గర కప్పు ఫొటో పోస్టర్ మీద పెద్దగా పడకపోతే ఎంట్రీలే రావు.

ఆ లీగులన్నీ ఇవాళ ఒకే నిచ్చెనకు మెట్లు. పై నాలుగు మెట్లు పేరున్న క్లబ్బులవి. ఐదో మెట్టు నేషనల్ లీగ్, అందులో ఒకటే డివిజన్. దాని కింద రెండు, వాటి కింద నాలుగు, ఆ కింద ఎనిమిది, ఆ కింద పదహారు డివిజన్లు. ఇంకా కిందకు దిగితే కౌంటీ లీగులు, పేట లీగులు. సీజన్ ముగిసేసరికి పైన నిలిచినవాళ్లు ఒక మెట్టెక్కుతారు, అడుగున మిగిలినవాళ్లు ఒక మెట్టు దిగుతారు. నాన్‌లీగ్ విజేతకు ఫుట్‌బాల్ లీగ్ తలుపు తనంతట తాను తెరుచుకోవడం 1987 నుంచే. అంతకు ముందు లోపలున్న క్లబ్బులు ఓట్లేసి బయటివాళ్లను రానివ్వాలి. ఎవరిని రానిచ్చారో, ఎవరిని ఏళ్ల తరబడి గుమ్మం దగ్గరే నిలబెట్టారో అదొక పెద్ద కథ. మన క్రీడా సంఘాల ఎన్నికలు చూసినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈ నిచ్చెన మహిమ ఎంతటిదో డోర్కింగ్ వాండరర్స్ చూపించింది. 1999లో కొందరు స్నేహితులు సరదాకు పెట్టుకున్న జట్టు అది. అట్టడుగు పేట లీగులో మొదలై 23 సీజన్లలో పన్నెండుసార్లు పై మెట్టెక్కి 2022లో నేషనల్ లీగ్‌కు చేరింది. ఎవరి సిఫారసూ లేదు, పాయింట్లే. ఎఫ్.ఏ. కప్పుది ఇంకో రుచి. ఏటా ఏడు వందలకు పైగా క్లబ్బులు పోటీపడే ఆ కప్పులో ఆగస్టు ఎండలో ఊరి జట్లు మొదటి రౌండ్లు ఆడతాయి, జనవరికి గానీ పెద్ద క్లబ్బులు దిగవు. 1972లో నాన్‌లీగ్ జట్టు హెరెఫర్డ్ పెద్ద క్లబ్బయిన న్యూకాజిల్‌ను ఓడించినప్పుడు, దూరం నుంచి కొట్టి స్కోరు సమం చేసిన రోనీ రాడ్‌ఫర్డ్ రోజూ చేసే పని వడ్రంగం. బురద గ్రౌండ్, చలికోట్లలో గ్రౌండ్‌లోకి ఉరికిన పిల్లలు, ఆ గోల్: ఇంగ్లండ్ వాళ్లు ఇప్పటికీ ఆ దృశ్యాన్ని టీవీలో చూసుకుని మురిసిపోతుంటారు.

ఇదంతా మనకెందుకు అనేవాళ్ల కోసం రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఒకటి స్టాక్స్‌బ్రిడ్జ్. షెఫీల్డ్ దగ్గర లోయలో ఉన్న చిన్న పట్నం. 1842లో శామ్యూల్ ఫాక్స్ అనే ఆయన అక్కడ తీగ లాగే మిల్లు పెట్టాడు. తరవాత ఉక్కు ఊచలతో గొడుగు చట్రం చేసి లోకమంతా అమ్మాడు. మనం ఇవాళ వేసుకునే గొడుగుల ఎముకలకు ఆ ఊరితో చుట్టరికం ఉంది. ఫ్యాక్టరీ పెరిగి ఉక్కు పట్నమైంది. కార్మికులు ఉన్నచోట ఆట పుట్టింది. 1986లో ఫ్యాక్టరీ జట్టూ, పార్కు జట్టూ కలిసి స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అయ్యాయి. ఊరిని పోషించిన ఉక్కు క్లబ్బు పేరులోకి వచ్చేసింది. నార్తర్న్ ప్రీమియర్ లీగ్‌లో, కొండవాలు మీదున్న గ్రౌండ్‌లో ఆడే జట్టు. పొట్టిగా ఉన్నాడని పెద్ద క్లబ్బు పంపించేసిన జేమీ వార్డీ పదహారేళ్లకు ఇక్కడికే వచ్చిపడ్డాడు. పగలు ఒక ఫ్యాక్టరీలో విరిగిన ఎముకలకు కట్టే స్ప్లింట్లు చేసేవాడు. క్లబ్బు ఇచ్చింది వారానికి 30 పౌండ్లు. 2010లో హాలిఫాక్స్, 2011లో ఫ్లీట్‌వుడ్, 2012లో లెస్టర్, 2016లో ప్రీమియర్ లీగ్ చాంపియన్. అతని కథను ప్రతిభ కథగా చెబుతుంటారు. నాకందులో మెట్లు కనిపిస్తాయి. ఒక్కో మెట్టు మీద అతన్ని చూడటానికి పై మెట్టువాడొకడు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఎందుకంటే అక్కడ ప్రతి శనివారం ఆట ఉంది. ఈ శనివారం కుదరకపోతే వచ్చే శనివారం రావచ్చు.

రెండోది బోధన్‌లోని షక్కర్‌నగర్. ఇక్కడ ఊరి పేరులోనే సరుకు ఉంది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, కాల్వల కింద చెరకు లేచింది, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ కాలంలో ఆసియాలోనే పెద్దదని పేరు. జానకంపేట నుంచి బోధన్ దాకా రైలు పట్టాలు పడ్డాయి. క్వార్టర్లు, బడి, దవాఖాన, సీజన్ మొదలైతే రాత్రంతా ఆరని లైట్లు, చెరకు బండ్ల వరసలు. ఫ్యాక్టరీ కూతతో పొద్దు తెలిసిన ఊరది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేటు మూసేశారు. మళ్లీ తెరుస్తామనే మాట ప్రతి ఎన్నికకూ ఒకసారి పూస్తుంది. చెరకు చేలు చాలామటుకు వరి మళ్లయ్యాయి.

స్టాక్స్‌బ్రిడ్జ్‌లోనూ కష్టం తక్కువేం కాదు. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీని నడుపుతున్న కంపెనీని 2025 ఆగస్టులో కోర్టు లిక్విడేషన్‌కు పంపింది. అయినా ఆ శనివారాలు ఆగలేదు. ఎందుకని అడిగితే నా లెక్క ఇది: అక్కడ జట్టు ఫ్యాక్టరీలో పుట్టినా, బతికింది లీగులో. ఎదురుగా ఇరవై క్లబ్బులు, ఒక షెడ్యూలు, దిగిపోతామన్న భయం, ఎక్కుతామన్న ఆశ ఉన్నాయి. యజమాని పోతే జట్టు అనాథ కాలేదు. మన బోధన్‌లో ఆట ఎప్పుడూ యజమాని నీడలోనే పెరిగింది. నీడ పోతే మొక్క ఎండింది.

ఇది బోధన్ ఒక్కదాని సంగతి కాదు. హైదరాబాద్‌దీ ఇదే కథ, కాకపోతే అక్కడ మొక్క మహావృక్షమైంది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయిన భారత జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. ఆ జట్టుకూ, 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన జట్లకూ కోచ్ రహీమే.

ఆయన గురించి 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చాక కొత్తతరానికి పేరు తెలిసింది. సినిమాలకు ఎక్కువగా పతకాలే కావాలి. ఆయన అసలు పనితనం నాకు కనిపించేది చిన్న పోటీల్లో. పిల్లలకు ‘డ్రిబ్లింగ్ లేని’ టోర్నమెంట్లు పెట్టించేవాడు. బంతి కాలికి తగిలిన వెంటనే ఇంకొకడికి ఇచ్చేయాలి, తన దగ్గర ఉంచుకుని గారడీ చేయకూడదు. ఇంకో పోటీలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే కొట్టాలి. ఏ పాఠ్యపుస్తకమూ లేని రోజుల్లో, బూట్లు కూడా అందరికీ లేని పిల్లలతో, ఆట నియమాన్ని కొంచెం వంచి మొత్తం పాఠం చెప్పేశాడు. జట్టును తయారుచేయడమంటే ఏడాది పొడుగునా పిల్లలు ఆడుతూనే ఉండే ఏర్పాటు చేయడమని ఆయనకు తెలుసు.

ఆయన పోయాక ఏమైంది? ఒక్కసారిగా కూలిపోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటివాళ్లు తరవాత కూడా వచ్చారు. కానీ వచ్చినవాళ్లు పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. డబ్బూ, గ్యాలరీలూ అక్కడున్నాయి. ఇక్కడ జట్లంటే పోలీసు, రైల్వే, బ్యాంకు, సైనిక కేంద్రాలు. అవి ఉద్యోగమిచ్చాయి, పెన్షనిచ్చాయి, అందుకు వాటికి దండం పెట్టాలి. ఊరికి మాత్రం జట్టునివ్వలేదు. పోలీస్ జట్టు గెలిస్తే సంబరపడే పేట ఉండొచ్చు గానీ, ఆ జట్టు మాదే, దాన్ని మేమే నిలబెట్టుకోవాలి అనుకునే పేట ఉండదు. రిక్రూట్‌మెంట్ ఆగిన రోజున జట్టు ముసలిదవుతుంది. రహీం పేరు మీద ఇప్పటికీ హైదరాబాద్‌లో ఎ-డివిజన్ రహీం లీగ్ జరుగుతుంది, అబ్బాస్ యూనియన్ లాంటి పాత పేటల క్లబ్బులు ఇంకా పిల్లలను తయారుచేస్తున్నాయి. సంతోషమే. కానీ అది నగరం లీగ్. ఆర్మూర్ జట్టు గెలుచుకుంటూ పోయి అందులోకి చేరే దారి, బోధన్ పిల్లవాడు గట్టు మీద నిలబడి చూసుకోగల దారి, కనిపించదు.

ఈ మధ్య కాలం కథ ఇంకా విచిత్రం. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుట్టిందనడం కన్నా వచ్చిందనాలి, పుణె క్లబ్బు మూతపడితే దాని జాగాలో వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. నాలుగేళ్లు తిరగకముందే, 2025 అక్టోబరులో, ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకుని పసుపు జెండాలతో గచ్చిబౌలికి పోయిన అభిమానులకు మిగిలింది జెర్సీలు.

ఇంగ్లండ్‌లో ఇట్లాంటిదే జరిగింది. 1977లో నాన్‌లీగ్ నుంచి పైకొచ్చి 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్.ఏ. కప్ ఎత్తిన వింబుల్డన్ క్లబ్బును, యజమానులు దాదాపు తొంభై కిలోమీటర్ల అవతలున్న కొత్త పట్నానికి తరలించేందుకు 2002లో అనుమతి దొరికింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో సెలెక్షన్స్ పెట్టి, ఎవరైనా రావచ్చని పిలిచి, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త జట్టు కట్టారు. తొమ్మిదో మెట్టు మీద మొదలుపెట్టి తొమ్మిది సీజన్లలో ఐదుసార్లు ఎక్కి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. హైదరాబాద్ అభిమానులకు వాళ్ల కన్నా ప్రేమ తక్కువని నేను అనుకోను. వాళ్లకు తొమ్మిదో మెట్టు లేదు. కాగితం మీద ఉందిప్పుడు: 2023-24లో ఐ-లీగ్ 3 మొదలైంది, రాష్ట్ర లీగుల నుంచి క్లబ్బులు అందులోకి, అక్కడి నుంచి ఐ-లీగ్ 2లోకి పోవచ్చు. అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండ్ కట్టుకున్న శ్రీనిధి డెక్కన్ 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది కూడా. అంటే భవనానికి పై అంతస్తులున్నాయి. కింద పునాదీ, మొదటి నాలుగు మెట్లూ లేవు. పైవాళ్లు లిఫ్టులో దిగి పిల్లలను ఏరుకుని పోతారు.

అట్లా ఏరుకుని పోయిన పిల్లే గుగులోత్ సౌమ్య. 2001లో పుట్టింది, మన నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. ముంబయి కెంక్రే, గోకులం కేరళ, 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, ఆ తరవాత ఈస్ట్ బెంగాల్. 2024-25లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ ఏటి దేశపు మేటి క్రీడాకారిణిగా అఖిల భారత సమాఖ్య సౌమ్యను ఎంపిక చేసింది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ను ఓడించి ఆసియా కప్‌కు పోయిన భారత జట్టులోనూ ఆమె ఉంది. ఈ క్లబ్బుల పేర్లు మళ్లీ ఒకసారి చదవండి. ముంబయి, కోళికోడ్, జాగ్రెబ్, కలకత్తా. తెలుగు ఊరి పేరు ఒక్కటీ లేదు. నిజామాబాద్‌కు ఆడి చూపించమంటే ఆ అమ్మాయి ఎక్కడ ఆడాలి, ఎవరి మీద ఆడాలి? బాక్సింగ్‌కు ఇది పెద్ద లోటు కాదు. నిఖత్ జరీన్ ఈ ఊళ్లో గ్లోవ్స్ తొడుక్కుని ప్రపంచ చాంపియన్ అయిందంటే ఒక గురువూ, ఒక పట్టుదలా చాలావరకు సరిపోయాయి. ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణకూ అంతే. ఫుట్‌బాల్‌కు ఇరవై ఇద్దరు కావాలి, వాళ్లకు మళ్లీ మళ్లీ ఎదురుపడే ఇంకో ఇరవై ఇద్దరు కావాలి.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. పదహారు జట్ల నాకౌట్ పెడితే మొత్తం పదిహేను మ్యాచ్‌లు. ఎనిమిది జట్లు, అంటే సగం, ఒక్క ఆట ఆడి బస్సెక్కుతాయి. ఇంకో నాలుగు రెండాటలు. కప్పు గెలిచినవాడు కూడా ఆడేది నాలుగే. అదే ఎనిమిది జట్లను తీసుకుని ఒక్కొక్కరితో తమ ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడిస్తే యాభై ఆరు మ్యాచ్‌లు. అందరికన్నా అడుగున ఉన్న జట్టూ పద్నాలుగు ఆదివారాలు ఆడుతుంది, అందులో ఏడు సొంత ఊరి జనం ముందు. నాకౌట్‌లో మొదటి రౌండ్ పోయిన కోచ్ నేర్చుకునేదేమీ ఉండదు, తప్పు తెలిసేసరికి షామియానా విప్పేస్తుంటారు. లీగులో ఆరు గోల్స్ తిన్న జట్టుకు వచ్చే ఆదివారం ఉంటుంది.

టోర్నమెంట్ జాతర లాంటిది. జాతరకు వెలుగుంటుంది, డప్పుంటుంది, ముఖ్య అతిథి ఉంటాడు, దండలుంటాయి, పేపర్లో ఫొటో పడుతుంది. జాతర నాకూ ఇష్టమే. కానీ ఇంట్లో ఉప్పూ పప్పూ జాతరలో కొనుక్కుని బతకలేం. దానికి వారం వారం అంగడి కావాలి. కోస్తా వాళ్లు సంత అంటారు. అంగడికి ఎవరూ దండలు వేయరు, అంగడి ఫొటో పేపర్లో పడదు. అంగడి ఆగితే మాత్రం నాలుగు వారాల్లో ఊరికి తెలిసిపోతుంది. మన జిల్లా ఫుట్‌బాల్ ఇప్పటిదాకా జాతరల మీదే బతికింది: ఎవరో పోయినాయన పేరు మీద స్మారక టోర్నమెంటు, పండక్కో టోర్నమెంటు, బడిపిల్లల ఎస్‌జీఎఫ్ సెలెక్షన్స్, డిచ్‌పల్లి యూనివర్సిటీ కాలేజీల పోటీలు.

జాతరలెందుకు ఇంత పెరిగాయో కూడా చూడాలి, ఎవరినో తిట్టి లాభం లేదు. నాయకుడికి మూడు రోజుల ఆట చాలు, పద్నాలుగు వారాల ఆటకు ప్రతి ఆదివారం వచ్చి కూర్చోలేడు. పిల్లవాడికి సర్టిఫికెట్ కావాలి. స్పోర్ట్స్ కోటాలో సీటుకో, ఉద్యోగానికో పనికొచ్చేది జిల్లా, రాష్ట్ర పోటీల కాగితమే గానీ, పద్నాలుగు ఆదివారాలు ఎండలో పరిగెత్తాడని రాసిచ్చే కాగితం లేదు. పీఈటీ సారుకు బడి సెలెక్షన్లే కొలమానం. ఎవరి కోణం నుంచి చూసినా నాకౌటే లాభం. నష్టం ఆటకే, ఆట తరఫున మాట్లాడేవాళ్లెవరూ ఆ మీటింగులో ఉండరు.

ఇంకో కారణం ఉత్తర తెలంగాణకే ప్రత్యేకం. జట్టు గట్టిపడే వయసు ఇరవై, ఇరవై రెండు. సరిగ్గా అప్పుడే ఇక్కడి పిల్లలకు వీసా వస్తుంది. దుబాయ్, దోహా, మస్కట్. లెఫ్ట్ బ్యాక్ పోతాడు, మరుసటేడు గోల్‌కీపర్ పోతాడు. 2022 ప్రపంచకప్ ముందు ఖతార్ నిర్మాణ పనుల్లో మన వైపు నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. ఆడాల్సిన వయసులో ఎవరి గ్రౌండ్ల పక్కనో రోడ్లు వేసి వచ్చారు. లీగ్ పెడితే గల్ఫ్ ఆగుతుందని చెప్పేంత అమాయకత్వం నాకు లేదు. కానీ ఏటా నలుగురు పోయినా మిగతావాళ్లతో నడిచే క్లబ్బు వేరు, నలుగురు పోతే పేరే చెరిగిపోయే ఫ్రెండ్స్ టీమ్ వేరు.

ఇంగ్లండ్‌ను ఆకాశానికి ఎత్తుతున్నానని అనుకోవద్దు. అక్కడ మెట్లెక్కే పిచ్చిలో టికెట్ల మీద వచ్చేదానికన్నా జీతాలకు ఎక్కువ పెట్టి మునిగిన క్లబ్బులు బోలెడు. 2019లో బరీ క్లబ్బును లీగ్ నుంచి తీసేశారు, 2020లో మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ అప్పుల్లో మూతపడింది. రెండు చోట్లా అభిమానులూ, కొత్త యజమానులూ కింది మెట్ల నుంచి మళ్లీ ఎత్తుకున్నారనేది వేరే సంగతి. నిచ్చెన ఉన్నచోట జారిపడటం కూడా ఉంటుంది. మన దగ్గర పడేవాళ్లు లేరు, ఎక్కేవాళ్లు లేరు కనక.

కేరళ ఉదాహరణ చెప్పేవాళ్లున్నారు. మలప్పురం చుట్టుపక్కల సెవెన్స్ ఆట టోర్నమెంట్ల మీదే నడుస్తుంది కదా, జనం వేలల్లో వస్తారు కదా అని. నిజమే. కోతలైపోయిన పొలాల్లో తాత్కాలిక గ్యాలరీలు కట్టి, రాత్రి లైట్ల కింద, మ్యాచ్‌కింతని ఆఫ్రికా ఆటగాళ్లను కూడా పిలిచి ఆడిస్తారు. కానీ అక్కడ నవంబరు నుంచి మే దాకా ఒక ఊరి తరవాత ఒక ఊళ్లో టోర్నమెంటు ఉంటూనే ఉంటుంది, అవే జట్లు ఊరూరా తిరుగుతుంటాయి. రోజూ ఎక్కడో ఒకచోట జరిగే జాతరను అంగడి అనే అనాలి.

మరి జిల్లా లీగ్‌కు ఏం కావాలి? స్టేడియం కాదు. నాగారంలో రాజారాం స్టేడియం ఉంది, పాలిటెక్నిక్ గ్రౌండ్ ఉంది, మండలానికో జూనియర్ కాలేజీ గ్రౌండ్ ఉంది. బోధన్ నుంచి నిజామాబాద్ ఎంత, పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఆర్మూర్ కూడా దాదాపు అంతే. ఇంగ్లండ్ నాన్‌లీగ్ జట్లు మంగళవారం రాత్రి డ్యూటీ దిగి వంద కిలోమీటర్లు పోయి ఆడి వస్తాయి. ఎడపల్లి, వర్ని, రుద్రూర్ జట్లకు ఆర్టీసీ బస్సు చాలు. ఎనిమిది జట్లు, ఒక షెడ్యూలు, రాకపోతే పాయింట్లు పోతాయన్న భయం, పైకి పోయే దారి ఒకటి రాష్ట్ర లీగుతో ముందే రాతపూర్వకంగా. చివరిదే అన్నిటికన్నా కష్టం, అది లేకపోతే మిగతావన్నీ రెండో ఏడుకు వాడిపోతాయి. అమ్మాయిలకు నాలుగు జట్లతోనైనా పక్కనే ఇంకోటి. సౌమ్య ఊళ్లో ఆ మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొన్నొక ఆదివారం పొద్దున టౌన్‌లో ఒక గ్రౌండ్‌కు పోయాను. రెండు రోజుల టోర్నమెంటు. సున్నంతో గీసిన గీత సెంటర్ దగ్గర వంకర తిరిగి ఉంది, ముగ్గు పోసినవాళ్లకు తొందరైనట్టుంది. మూలనొక టెన్నిస్ బాల్ క్రికెట్ నడుస్తోంది, వాళ్ల ఫీల్డరొకడు మన రైట్ వింగ్‌లో నిలబడ్డాడు, బంతి వచ్చినప్పుడల్లా మర్యాదగా పక్కకు జరుగుతున్నాడు. గోల్‌పోస్టులకు నెట్ లేదు. అందుకని ప్రతి గట్టి షాట్‌కూ ఒక పంచాయితీ: లోపల్నుంచి పోయిందా, బయట్నుంచా? పోస్టు వెనక బంతులేరే పదేళ్ల పిల్లవాడి మాటే సాక్ష్యం. రిఫరీ సారు విజిల్ నోట్లో పెట్టుకునే వాణ్ని అడిగాడు. ‘లోపల్నుంచే పోయింది సార్’ అన్నాడు వాడు, ఏ జట్టువాడో మరి.

బోధన్ నుంచి వచ్చిన జట్టు ఆ గోల్‌తోనే ఓడిపోయింది. ఎనిమిదిన్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నరకల్లా అయిపోయింది. పిల్లలు వేపచెట్టు కింద కూర్చుని బూట్లు విప్పుకున్నారు. ఇద్దరు ఒకే షిన్‌గార్డుల జత పంచుకున్నట్టున్నారు, ఒకడికి కుడికాలికి, ఇంకొకడికి ఎడమకాలికి ఉన్నాయి. అంతకుముందు మ్యాచ్‌లో ఓడిపోయిన జట్టు కూడా పక్కనే ఉంది, బస్సుకు టైముంది. కాసేపటికి అటువైపు వాడొకడు లేచి వచ్చాడు.

‘అన్నా, ఒకటి ఆడుదమా? ఊకె.’

‘ఆడుదం రా.’

క్రికెట్ వాళ్లను కొంచెం జరగమని, చెప్పులు గోల్‌పోస్టులుగా పెట్టుకుని, గ్రౌండ్‌కు అడ్డంగా మొదలుపెట్టారు. మైకులో రెండో సెమీఫైనల్ పేర్లు పిలుస్తున్నారు. నేను అటు పోలేదు. పన్నెండింటి దాకా ఆడారు వాళ్లు. పొద్దున మ్యాచ్‌లో భయంభయంగా బంతిని దూరం కొట్టేసిన లెఫ్ట్ బ్యాక్, ఇప్పుడు నింపాదిగా ఇద్దర్ని దాటించి పాస్ ఇస్తున్నాడు. ఎన్ని గోల్స్ అయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు.